కాలువ దాటిన మూట

దేవుడు లేని కొండ అంటూ ఒకటి ఉంటుందని మా అత్తగారికి అంతవరకూ తెలియదు. కొండ అంటే ఆవిడకు మెట్లు, గోవింద నామాలు, తలనీలాలు, దిగివచ్చేటప్పుడు చేతిలో ప్రసాదం. చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని ఊరికే చల్లగాలి కోసం ఒక కొండకు వెళ్ళి, ఏ పనీ లేకుండా కూర్చుని, ఎండలు తగ్గాక దిగిరావచ్చునని మా వారు చెప్పినప్పుడు ఆవిడ బియ్యం చెరగడం ఆపి కొడుకు మొహంలోకి చూసింది.

"ఆ కొండ మింద ఏ సామి ఉండాడు?"

"సామి లేడమ్మా. గాలి ఉండాది."

"గాలి మనకు లేకనా? పొద్దస్తమానం ఇంటి కప్పు పీకతానే ఉండాదే!"

"ఆ గాలే చిన్నోడికి పడటం లేదని గదా డాక్టరు చెప్పింది."

ఆ మాటతో ఆవిడ చేట మళ్ళీ కదిలింది కానీ, బియ్యంతోపాటు రాళ్ళు కూడా చేటలోనే మిగిలాయి. ఆ రోజు అన్నంలో అందరికీ తగిలాయి.

మా ఊరు తోటపల్లి గూడూరుకు తూర్పున, ఉప్పునీటి కాలువకూ సముద్రానికీ నడుమ ఇసుక మీద ఉండేది. మద్రాసు దాకా పోయే ఆ కాలువ మీదనే మా తోటలో కొట్టిన సరుగుడు కట్టెలు పెద్ద పడవల్లో వెళ్ళేవి. నెల్లూరు వెళ్ళాలన్నా, ఇంకెక్కడికి వెళ్ళాలన్నా ముందు ఆ కాలువ దాటాలి. మనుషుల్ని దాటించడానికి ఉన్నది ఒక్కటే చిన్న పడవ. అవతలి గట్టు మీద మొదటి పెంకుటిల్లు మా వదినది. అంటే మా వారి అక్కగారిది.

మాకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఆడపిల్ల, అక్షరాలు దిద్దే వయసు. చిన్నవాడికి నాలుగేళ్ళు నిండలేదు. పాలు మరిచిన దగ్గర నుంచీ వాడికి ఆయాసం. ముందు దగ్గు వచ్చేది, తరువాత గొంతులో సన్నగా ఈల, ఆ తరువాత పిల్లికూతలు. కూతలు మొదలైతే వాడు పడుకోలేడు. రెండు చేతులూ నేలకు ఆనించి, మెడ ముందుకు చాచి, ఒక్కొక్క ఊపిరినీ లోతు బావిలో నుంచి చేదుకున్నట్టు చేదుకునేవాడు. ఏడవడానికి గాలి మిగిలేది కాదు. పిల్లవాడు ఏడిస్తే భయపడే తల్లుల్ని చూశాను. ఏడవకపోతే భయపడటం వాడి వల్లనే నాకు తెలిసింది.

ఆ సంవత్సరం మాఘమాసంలో బాగా ఎక్కువైతే నెల్లూరు తీసుకుపోయాము. డాక్టరుగారు పెద్దాయన, మాటల మనిషి కాదు. చిన్న సీసాలో తెల్ల మాత్రలు పోయించి, కూతలు మొదలుకాగానే సగం మాత్ర నీళ్ళలో కరిగించి పట్టమన్నారు. ఆలస్యం చేయవద్దన్నారు. సముద్రపు తేమా, ఇసుకా, తోటలో పుప్పొడీ వీడికి విషమనీ, వచ్చే వేసవి ఇక్కడ ఉంచవద్దనీ, మదనపల్లె అవతల ఒక కొండ ఉంది, అక్కడికి తీసుకుపోయి వాణ్ణి అలవకుండా, ఏడిపించకుండా ఉంచమనీ చెప్పారు. నేను పిల్లవాడికి చొక్కా తొడుగుతుంటే తెర అవతల మా వారితో ఆయన అన్న మాట మాత్రం మెల్లగానే అన్నారు. "ఇంకోసారి ఇంత గట్టిగా వస్తే ఏమవుతుందో నేను చెప్పలేనండి." చొక్కా బొత్తాములు నాకు ఎంతకీ పట్టుబడలేదు.

ఇంటికి వచ్చాక ఆ మాట నేను విన్నానని ఆయనతో అనలేదు. ఆయనా చెప్పలేదు. ఇద్దరమూ కొండ గురించే మాట్లాడుకున్నాము.

నేను బడికి పోయిన దాన్ని కాదు. మా నాన్న పలక మీద అక్షరాలు దిద్దించి, పద్యాలు వల్లె వేయించి, గోడ మీది పటంలో నదులనూ కొండలనూ వేలితో చూపించేవాడు. ఆ ఋణం ఎన్ని జన్మలకు తీరుతుందో. మా వారు ఎవరి దగ్గరో అడిగి బడిపిల్లల అట్లాసు తెస్తే, నేనూ నా కూతురూ దాన్ని పరుచుకుని మా వేళ్ళతోనే ప్రయాణం చేసేవాళ్ళం. నెల్లూరు, గూడూరు, అక్కడ చిన్న రైలు, తిరుపతి, పాకాల, మళ్ళీ రైలు మారితే మదనపల్లె. వేలు కొండ మీదికి చేరగానే చిన్నవాడు "చలి, చలి" అని వణికినట్టు నటించేవాడు. చలి అంటే వాడికి అంతవరకూ జ్వరంలో వచ్చేదే.

"తిరుపతి మీదగా పోతా సామిని చూడరా? ఏడుకొండలు దాటుకోని ఎనిమిదో కొండకు పోతారా?" అనేది మా అత్తగారు గుమ్మంలో నుంచి.

"వచ్చేటప్పుడు చూద్దామమ్మా."

"వచ్చేటప్పుడు అనే మాట పోయేవాడు అనకూడదు."

మా వారు నవ్వి ఊరుకునేవారు. కొండ మీద ఒక బంగళాలో గది తెలిసినవారి ద్వారా కుదిరింది. ఆయనలో ఉత్సాహం ఉండేది, కానీ అది డాక్టరుగారి మాట మీద కప్పిన దుప్పటి అని నాకు తెలుసు. "అక్కడ మనం ఏ పనీ పెట్టుకోకూడదు. పొద్దున పిల్లల్ని చెట్ల కింద తిప్పడం, తినడం, పడుకోవడం. అంతే" అనేవారు.

"వంట ఎవరు చేస్తారు?" అన్నాను.

"నువ్వే."

"మరి పని లేకపోవడం ఎవరికండీ?"

ఆ వేసవిలో మా ఇంట్లో మనసారా నవ్విన నవ్వు అదొక్కటే గుర్తుంది.

నెల్లూరు గడ్డ మీద ఉన్నిబట్టలు ఎవరి దగ్గర ఉంటాయి? ఊరంతా అడిగితే రెండు కంబళ్ళు దొరికాయి. మా వారు నెల్లూరు నుంచి పిల్లలకు చెవులు కప్పే ఉన్నిటోపీలు తెచ్చారు. నా కూతురు అది పెట్టుకుని మండే ఎండలో వాకిట్లో తిరుగుతుంటే చెమట ధారగా కారేది, తీయమంటే తీసేది కాదు. కిరసనాయిలు స్టవ్వు, బియ్యం, కందిపొడి, ఊరగాయ జాడీ, పాలపొడి డబ్బా. సర్దుతున్నకొద్దీ ధైర్యం వస్తుందనుకున్నాను. సర్దిన సామాను మూలన పెరుగుతున్నకొద్దీ ఆ మూల వైపు చూడాలంటే ఏదో దిగులుగా ఉండేది.

మదనపల్లె అన్న మాట ఊళ్ళోకి ఎలా పాకిందో తెలియదు. ఆ రోజుల్లో మా వైపు వాళ్ళు మదనపల్లె పోతున్నారంటే ఒకటే అర్థం, అక్కడి క్షయ ఆసుపత్రికని. ఎదురింటి ఆవిడ ఒకరోజు బావి దగ్గర బిందె దించి, గొంతు తగ్గించి అడిగింది.

"ఎవురికమ్మా? నీకా, మీ ఆయనకా?"

"ఏమిటి ఎవరికి?"

"అదే... దగ్గు."

మా బాబుకి ఆయాసమని, కొండగాలి మంచిదన్నారని చెప్పాను. "అంతేలే, అంతేలే" అంటూ తను తోడుకున్న నీళ్ళు అక్కడే పారబోసి, చేద కడిగి మళ్ళీ తోడుకుంది. ఆ సాయంత్రం నుంచి వాళ్ళ పిల్లలు మా అరుగు ఎక్కలేదు. ఆ మరునాటికి ఇంకెవరి పిల్లలూ ఎక్కలేదు. నా కూతురు అరుగు మీద ఒక్కతే గవ్వలు పరిచి, ఎవరైనా వస్తారేమోనని చూసి చూసి, "అమ్మా, మనకేమైంది?" అంది.

మా అత్తగారు అది విన్నది. అంతవరకూ కొండ మాట ఎత్తితే మొహం తిప్పుకున్న మనిషి లేచి కొంగు బిగించింది. "ఇంక పోవాల్సిందే. నా మనవడు రొమ్ము విరుచుకోని తిరిగొచ్చి ఆ అరుగు మింద కూచోవాల. ఒక్కొక్కరి మొహమూ నేను చూస్తా" అంది. ఆవిడ మా పక్షాన నిలబడటం నాకు కొండంత అండ అనిపించింది. ఈనాటికీ ఆవిడను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ బిగించిన కొంగే.

అయితే పక్షం మారినా పద్ధతి మారలేదు. ప్రయాణానికి ఘడియ చూడాలి. పడమటికి పోయేవాళ్ళకు ఏ వారం మంచిదో పంచాంగం చూపించుకు వచ్చింది. మంచి ఘడియ బుధవారం పొద్దున ఉంది. మా బంగళా గది మాత్రం తరువాతి సోమవారం గానీ ఖాళీ కాదు. ఇలాంటప్పుడు మా వైపు చేసేది ప్రస్థానం పెట్టడం. ఆ మంచి ఘడియకు ప్రయాణం చేసేవాళ్ళ వస్తువొకటి మూట కట్టి, పోయే దిక్కున, నీళ్ళకో పొలిమేరకో అవతల తెలిసినవాళ్ళ ఇంట్లో ఉంచుతారు. మూట బయలుదేరింది కాబట్టి మనిషి బయలుదేరినట్టే. తరువాత వీలైన రోజు వెళ్ళి, ఆ మూటను కలుపుకుని ముందుకు సాగాలి. అది ఒకసారి గడప దాటిందా, ఇక వెనక్కి రాకూడదు. వెనక్కి తెస్తే ఆ ప్రయాణం పాడవుతుందని, ఎవరి పేర కట్టారో వాళ్ళకు మంచిది కాదని అందరికీ గట్టి నమ్మకం.

"ప్రయాణం ఎవురి కోసమో వాడి వస్తువే పోవాల" అంది మా అత్తగారు. బుధవారం పొద్దున ఆవిడ తలంటుకుని, పసుపు రాసిన గుడ్డలో చిన్నవాడి చొక్కా, అక్షతలు, వక్క పెట్టి తానే ముడులు వేసింది. నేను అప్పుడు వంటింట్లో పొంగలి దించుతున్నాను. మా వారు మూటను రెండు చేతులతో పట్టుకుని పడవెక్కారు. మా చిన్నవాడు గట్టు మీద నిలబడి, "నా చొక్కా ఊరికి పోతావుండాది" అని చప్పట్లు కొట్టాడు. ఆ వారం వాడికి కూతలు లేవు. దగ్గు కూడా లేదు. దేవుడు మా ప్రయాణం మెచ్చాడనుకున్నాను.

శుక్రవారం నుంచి సముద్రం హోరు మారింది. మామూలుగా అది వస్తూ పోతూ ఉండే చప్పుడు. ఇప్పుడు మధ్యలో ఆగడం లేదు. పక్క పట్టపువాళ్ళ పాలెం నుంచి రోజూ చేపలు తెచ్చే ఆవిడ ఖాళీ గంపతో వచ్చి మజ్జిగ అడిగింది.

"మావోళ్ళు ఎవురూ లోపలికి పోవడం లేదమ్మా. నీళ్ళు నల్లంగా ఉండాయి. తెప్పలు కూడా ఎత్తి తోటలోకి తెచ్చేసినారు."

"గాలివానా?"

"ఏమో తల్లీ. మీరు కొండకు పోతావుండారంట గదా, అదృష్టవంతులు."

శనివారం మా వారు రైలు టిక్కెట్ల పనిమీద నెల్లూరు వెళ్ళారు. ఆదివారం సాయంత్రానికల్లా వస్తానన్నారు. వెళ్ళేముందు పిల్లవాడి రొమ్ము మీద చెవి ఆనించి విన్నారు. ఆయన అలా వినడం నేను అంతకుముందు చూడలేదు.

ఆదివారం తెల్లవారేసరికి గాలి అన్నదే లేదు. మా ఇంటి వెనక సరుగుడు తోట ఎప్పుడూ ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటుంది. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకు నాకు నిద్రపట్టేది కాదు. ఆ పొద్దున తోట నోరు మూసుకుంది. కాకులు కూడా కిందికొమ్మల్లో ముడుచుకున్నాయి. దేవుడి ముందు దీపం వెలిగిస్తే వత్తి ఇసుమంతైనా ఊగలేదు. ఆ నిశ్చలతలో వెనక గదిలో చిన్నవాడు దగ్గడం వినబడింది. ఒకసారి. కాసేపాగి మళ్ళీ.

మధ్యాహ్నానికి గాలి తూర్పు నుంచి ఒక్కసారిగా వచ్చింది. తలుపులు వేసుకున్నా ఇసుక సందుల్లో నుంచి లోపలికి చిమ్మింది. అన్నాలు మూతల కిందే చల్లారిపోయాయి. చిన్నవాడికి గొంతులో ఈల మొదలైంది, చూస్తుండగానే అది కూతల్లోకి దిగింది. వాడు చేతులు నేలకు ఆనించి మెడ చాచాడు.

"మాత్ర తేపో" అంది అత్తగారు వాడి వీపు నిమురుతూ.

సీసా ఎప్పుడూ దేవుడి గూట్లోనే, పటాల వెనక ఉంచేదాన్ని. వాడికి బాగున్న వారమంతా ఆ పక్కకు నా చెయ్యి పోలేదు. ఇప్పుడు చూస్తే లేదు. భరిణె జరిపాను, పటాలు జరిపాను. సామాను మూలకు వెళ్ళి డబ్బాలు విప్పాను. వెనక నుంచి ఏ మాటా వినబడకపోతే తిరిగి చూశాను. మా అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది... మూటలో పెట్టినానే" అంది.

"ఏ మూటలో అత్తమ్మా?" తెలిసే అడిగాను.

"వాడు దేని మింద బతకతావుండాడో అదే ముందు పోవాలనుకొంటినే. ఆ కొండ మింద సామి లేడు గదా. ఆ మందే వాడికి సామి అనుకొంటి."

కోపం రావడానికి కూడా వ్యవధి లేదు. పిల్లవాణ్ణి భుజాన వేసుకుని కాలువ గట్టుకు పరుగెత్తాను. వెనక మా అత్తగారు, ఆవిడ చెయ్యి పట్టుకుని నా కూతురు. ఇసుక మొహం మీద సూదుల్లా గుచ్చుకుంటోంది. పడవ మనిషి పడవను గట్టు మీదికి లాగి తాడు బిగిస్తున్నాడు. కాలువ నీళ్ళకు ఆటుపోట్లు తప్ప అలలుండవు. ఆ రోజు అందులో అలలు లేచాయి.

"అన్నా, ఒక్కసారి అవతలికి పోయి మా వదినను అడిగి ఆ మూట పట్టుకురా. బిడ్డకు మందు అందులో ఉంది."

"వద్దు!" అని అరిచింది మా అత్తగారు. "మూట వెనక్కి రాకూడదు. వాడి పేర కట్టింది, తేబాక!"

"బిడ్డ పోతావుంటే మూటేంది అత్తమ్మా!" పెళ్ళైనప్పటి నుంచి ఆవిడ ముందు నేను గొంతు పెంచింది అదే మొదటిసారి.

పడవ మనిషి మా ఇద్దరినీ, నా భుజం మీది పిల్లవాణ్ణీ చూశాడు. "తల్లీ, పోవడం పోగలను. రావడం నా చేతిలో లేదు. గాలి అటు తోస్తావుండాది. ఒకసారి ఆ గట్టుకు తగిలితే, ఇది అణిగేదాకా పడవ ఇటు తిరగదు. మూట తెచ్చేది రేపటి మాట."

చెవి పక్కనే పిల్లవాడి ఊపిరి. ఒకటి లాగాక ఇంకొకటి రావడానికి పట్టే వ్యవధి పెరుగుతోంది.

అత్తగారే ముందు తేరుకుంది. "అయితే మనమే పోదాం. మూట మన కాడికి రాకూడదు గానీ, మనం మూట కాడికి పోవచ్చు. పోవాల్సింది ఎట్టాగూ మనమే గదా" అంది. ఆ మాట నమ్మకంతో అన్నదో, తెలివితో అన్నదో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రెండూ ఆవిడలో వేరువేరుగా ఉండేవి కావేమో.

"ఇద్దరు ఆడోళ్ళు, ఇద్దరు బిడ్డలా?" పడవ మనిషి నీళ్ళ వైపు చూశాడు. ఒక్కక్షణం ఆలోచించి, "సరే, బరువుంటేనే మేలు. తేలిక పడవను ఈ గాలి తిరగేస్తాది. నడిమధ్యన కూచోండి పెద్దమ్మా. ఏమైనా సరే, ఎవురూ లేవబాకండి" అన్నాడు.

ఎంతసేపు పట్టిందో చెప్పలేను. పడవ అడుగున కూర్చుని పిల్లవాడి వీపును నా రొమ్ముకు ఆనించుకున్నాను. వాడి పక్కటెముకలు నా చేతి కింద తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. అత్తగారు నా కూతురి తలను ఒళ్ళో దాచుకుని గోవింద నామాలు చెబుతోంది. గాలికి సగం నామమే వినబడేది, మిగతా సగం ఎగిరిపోయేది. నడుమ దాకా వచ్చాక పడవ ముక్కు పక్కకు తిరిగిపోయింది. పడవ మనిషి గెడ బురదలో దిగబడి, చేతిలో నుంచి జారిపోయింది. అతను ఒక తిట్టు తిట్టి, వెంటనే దేవుణ్ణి పిలిచాడు. పడవను గాలే తోసింది, ఎక్కడికి పోతామో ఎవరికీ తెలియదు. నేను నీళ్ళ వైపు చూడలేదు. పిల్లవాడి పెదవుల వైపు చూస్తున్నాను. అవి నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. స్వామీ, వీణ్ణి నాకు ఇచ్చింది నువ్వు, ఇన్నాళ్ళు ఉంచింది నువ్వు, అని మాత్రం అనుకున్నాను. ఇంకేమి అడగాలో తోచలేదు. అడిగితే కాదంటాడేమోనని భయం.

పడవ మా వదిన ఇంటికి చాలా దిగువన బురదకు తగులుకుంది. పడవ మనిషి నడుములోతు నీళ్ళలో దూకి పడవను పట్టుకుంటే, బురదలో పడుతూ లేస్తూ గట్టెక్కాము. వదిన తలుపు తీసి, "ఈ గాలిలో ఏందమ్మా ఇది!" అంటూనే వాణ్ణి చూసి పక్కకు జరిగి దారిచ్చింది. మూటను ఆవిడ ఎంతో పదిలంగా దేవుడి గదిలో దూలానికి వేలాడగట్టి ఉంచింది. ఆ తరువాత ముట్టుకోలేదు కూడా. దించి నా చేతికిస్తే ముడులు రావడం లేదు. నా తడి వేళ్ళు జారిపోతున్నాయి. అత్తగారు నా చేతిలో నుంచి లాక్కుని, తాను వేసిన ముడులు తానే పళ్ళతో విప్పింది. అక్షతలు నేలంతా చెదిరాయి. చొక్కా మడతలో సీసా ఉంది.

మొదటిసారి పోసిన మందు పెదవుల పక్కనుంచి కారిపోయింది. మింగడానికి వాడికి ఊపిరి ఆగాలి, ఆపడానికి వాడి దగ్గర ఊపిరి లేదు. మళ్ళీ కరిగించి, చుక్క చుక్కగా పట్టాను. వదిన కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె వాడి రొమ్ముకు రాసింది. ఇక చేయడానికి ఏమీ లేదు. ముగ్గురమూ వాడి చుట్టూ కూర్చున్నాము. పైన పెంకులు కదులుతున్నాయి. ఒకటి జారి వాకిట్లో పగిలింది. ఎవరూ తల ఎత్తి చూడలేదు. మా అత్తగారు వాడి పాదాలు పట్టుకుని కూర్చుంది, మొక్కుతున్నట్టు.

వెలుతురు తగ్గుతుండగా వాడు ఏడ్చాడు. చిన్నగా, కోపంగా, గొంతులో గాలితో. ముందు నా కూతురు చప్పట్లు కొట్టింది. అప్పుడు మేము ముగ్గురమూ ఏడ్చాము.

మరునాడు పొద్దున గాలి అణిగింది. మా వారు నెల్లూరు నుంచి సైకిలు మీద, దారిలో కూలిన చెట్ల మీదుగా సైకిలు ఎత్తుకుంటూ వచ్చారు. అటు గట్టున మా ఇల్లు నిలబడే ఉందనీ, వంటింటి కప్పు మాత్రం ఎగిరిపోయిందనీ, సరుగుడు తోట సగానికి సగం పడుకుందనీ, మనుషులకు ఏమీ కాలేదనీ తెలిసింది. ఆ మాట విని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆయన పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని వాడి రొమ్ము మీద మళ్ళీ చెవి ఆనించారు. తరువాత, "ఇంటికి పోదాం. కప్పు వేయించి, అన్నీ కుదుటపడ్డాక ప్రయాణం చూసుకుందాం" అన్నారు.

"ఇంటికి పోయేది లేదు" అంది మా అత్తగారు. "మూటను కలిసేసినాం. ప్రయాణం మొదలైపోయింది. నువ్వు పోయి ఆ కంబళ్ళూ స్టవ్వూ పట్టుకురా."

"నువ్వు ఇక్కడ అక్క దగ్గర ఉంటావా అమ్మా?"

"నేనెందుకు ఉంటా? నేనూ వస్తావుండా."

"దేవుడు లేని కొండకా?"

"నోరు ముయ్యరా" అంది. సీసా ఆవిడ కొంగు కొసన ముడేసి ఉంది. కొండ చేరేదాకా ఆవిడ దాన్ని నా చేతికివ్వలేదు. అడగాలని నాకూ అనిపించలేదు. తిరుపతి దగ్గర రైలు ఆగినప్పుడు కిటికీలో నుంచి కొండ వైపు చేతులు జోడించి, "ఏడుకొండలవాడా, కోపం తెచ్చుకోబాకయ్యా, బిడ్డతో వస్తాం" అంది. రైల్లో అందరూ చూస్తున్నా పట్టించుకోలేదు.

కొండ మీద బంగళా వసారా ముందు పొడుగాటి చెట్లు. గాలి వాటి మీదుగా మెల్లగా, తడి లేకుండా వచ్చేది. పిల్లలిద్దరూ ఉన్నిటోపీలు పెట్టుకుని రాలిన ఆకుల మీద పరుగెత్తారు. చిన్నవాడు పరుగెత్తి, ఆగి, మళ్ళీ పరుగెత్తాడు. వాడు ఆగినప్పుడల్లా నా గుండె ఆగేది. అలుపుకు కాదు, పురుగునో ఈకనో చూసి ఆగేవాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వసారాలో కంబళి మీద పడుకుని నిద్రపోయాడు. వెల్లకిలా, చేతులు చాపి. అలా పడుకోవడం నేను అంతకుముందు చూసి ఎరగను. ఈల లేదు, కూత లేదు. ఏ చప్పుడూ లేదు.

ఆ చప్పుడు లేకపోవడమే నన్ను కూర్చోనివ్వలేదు. ఇంత కాలం ఆ కూతలు వింటేనే వాడు ఉన్నాడని నాకు తెలిసేది. గిన్నెలు కడుగుతున్నదాన్ని వదిలేసి వచ్చి, వంగి, వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. వెచ్చగా తగిలింది. వెళ్ళి రెండు గిన్నెలు కడిగి మళ్ళీ వచ్చేసరికి మా అత్తగారు అక్కడ వంగి ఉంది. ఆవిడ వేలు కూడా వాడి ముక్కు దగ్గరే ఉంది. నన్ను చూసి, "ఈగ వాలింది" అంది.

"ఈ కొండ మీద ఈగలు లేవు అత్తమ్మా" అన్నాను.

"ఉండాయిలే. నువ్వు పోయి పని చూసుకో" అంది. కానీ లేవలేదు. నేనూ పోలేదు. ఇద్దరమూ వాడికి చెరొక పక్కన కూర్చుని, వాడి రొమ్ము పైకి లేవడం, కిందికి దిగడం చూస్తూ ఉన్నాము. మా వారు వసారా చివర నిలబడి, కింద దూరంగా తూర్పున మబ్బుల్లో కలిసిపోతున్న మైదానం వైపు చూస్తున్నారు. తిరిగి ఎప్పుడు దిగాలన్న మాట ఆ రోజు ఎవరమూ ఎత్తలేదు. ఆ తరువాత కూడా చాలా రోజులు ఎత్తలేదు.